రేకు పలచన, వైరు లావు – శిక్ష మాత్రం వెల్డరుకు!

ఒక ఎస్.ఎఫ్. 11 కాగితం నా ఎదుట ఉన్నది. 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమావళి ప్రకారం చిన్న శిక్షలు విధించదలచినప్పుడు జారీ చేసే కాగితమిది. పెట్టెలు మరమ్మతు చేసే ఒక కార్ఖానాలో ఇరవై రెండేండ్లుగా వెల్డింగు పని చేస్తున్న సోదరునికి దానిని అందించినారు. ప్రయాణికుల పెట్టె అడుగు రేకుకు ఆయన వేసిన అతుకులో ఏడుచోట్ల రేకు కాలి రంధ్రాలు పడినవట. గ్రైండింగు చేసి, మాసిక వేసి, తిరిగి అతకవలసి వచ్చినదట. తత్ఫలితంగా పెట్టె బయటికి పోవడం ఒక షిఫ్టు ఆలస్యమైనదట. కావున ఆయనకు విధి పట్ల అంకితభావం లోపించినదనీ, 1966 నాటి ప్రవర్తనా నియమావళిలోని మూడవ నియమాన్ని ఉల్లంఘించినారనీ అభియోగం.

ఈ కాగితాన్ని మూడుసార్లు చదివినాను. పెట్టె నంబరు ఉన్నది. తేదీ ఉన్నది. షిఫ్టు ఉన్నది. రంధ్రాల లెక్క ఉన్నది. అతికిన రేకు మందమెంతో మాత్రం ఎక్కడా లేదు. ఆయన చేతికిచ్చిన వైరు లావెంతో అసలే లేదు. ఈ రెండు అంకెలు లేకుండా మిగ్ వెల్డింగులో తప్పు జరిగినదని రాయడమెట్లాంటిదంటే, ఏ రాయి వేసి తూచినారో చెప్పకుండా తపాలా గుమాస్తా తూకం తప్పినాడని రాయడం వంటిది. బస్తాలు తూచే కాటా మీద ఇరవై గ్రాముల ఉత్తరం పెట్టి, ముల్లు కదలలేదేమని గుమాస్తాను నిలదీసే అధికారిని తపాలా సోదరులు ఏమనుకుంటారో, మా వెల్డర్లు కూడా ఈ చార్జిషీటు రాసిన అధికారిని అదే అనుకుంటున్నారు.

కార్ఖానాకు వెళ్లి చూచినాను. అడుగు రేకు కాగితం మీద 2 మిల్లీమీటర్లు, అంటే మనవాళ్లు పద్నాలుగు గేజి అనేది. తుప్పు తిన్న చోట చుట్టూ కోసివేసి కొత్త ముక్క వేస్తారు. కొత్త ముక్క 2 మిల్లీమీటర్లే, సందేహం లేదు. కానీ దానిని అతకవలసినది పాత రేకుకు. ఏండ్ల తరబడి మరుగుదొడ్డి నీళ్లు కారి, బూడిదవలె రాలుతున్న ఆ పాత రేకు అంచు మైక్రోమీటరుకు 1.5 కూడా చూపలేదు. మెషీనులో ఉన్న వైరు 1.2 మిల్లీమీటర్లది. కార్ఖానా అంతటా అదే. సైడు గోడ రేకుకు అదే, అడుగు రేకుకు అదే, బోగీ ఫ్రేము 10, 12 మిల్లీమీటర్ల పలకకూ అదే. 0.8 వైరు కావాలని ఆ సెక్షను జూనియర్ ఇంజనీరు ఇండెంటు రాసినాడు. అందుబాటులో ఉన్న సరుకునే వాడుకొమ్మని రాసి స్టోర్సు వారు తిప్పి పంపినారు. ఆ ఇండెంటు నకలు సంపాదించడానికి మాకు పదకొండు రోజులు పట్టినది. చార్జిషీటు టైపు చేయడానికి పట్టినది ఒక్క రోజు.

వెల్డింగు తెలియని సోదరుల కోసం, ముఖ్యంగా తపాలా శాఖ వారి కోసం, ఇక్కడ కొంత వివరంగా చెప్పక తప్పదు. తెలిసినవారు విసుగు చెందవద్దు. ఆఫీసులో కూర్చున్నవారికి మనమే చెప్పవలసి వచ్చే రోజు ఉన్నది గనుక మాటలు సిద్ధంగా ఉంచుకొనుట మంచిది.

పాత పద్ధతిలో వెల్డరు కడ్డీ పట్టుకొని అతికేవాడు. కడ్డీ అయిపోతే పారవేసి మరొకటి తగిలించేవాడు. మిగ్ పద్ధతిలో కడ్డీకి బదులు చుట్టగా చుట్టిన సన్నని వైరు ఉంటుంది. గన్ను మీట నొక్కితే మోటారు ఆ వైరును రోలర్ల మధ్య నుంచి నెట్టుతూ ఉంటుంది. చుట్టూ వాయువు ఊదుతూ కరిగిన లోహానికి గాలి సోకకుండా కాపాడుతుంది. ఉక్కు పనికి మన దగ్గర ఎక్కువగా బొగ్గుపులుసు వాయువునే వాడడం వలన కార్ఖానాలలో దీనిని సి.ఓ.టు. వెల్డింగనే అంటారు. ఈ పద్ధతిలో కీలకమేమంటే, విద్యుత్తును పని మీదికి మోసుకొని వచ్చేదీ ఈ వైరే, కరిగి అతుకులో చేరేదీ ఈ వైరే. వైరు ఎంత వేగంగా వస్తే కరెంటు అంత పెరుగుతుంది. కరెంటు తగ్గించుకోవాలంటే వైరు వేగం తగ్గించాలి. వేరే దారి లేదు. వేడిని ఒక మరతో, లోహాన్ని మరొక మరతో విడివిడిగా తిప్పుకొనే స్వేచ్ఛ ఇక్కడ వెల్డరుకు లేదు. అది ముందుగానే వైరు లావులో నిర్ణయమైపోయినది. ఆ లావును నిర్ణయించినవాడు వెల్డరు కాడు, కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టినవాడు.

మెత్తటి ఉక్కుకు అనుభవంలో నిలిచిన లెక్క ఒకటి ఉన్నది. సన్నని, మధ్యరకం రేకులకు మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు. ఒకటిన్నర మిల్లీమీటరు రేకుకు 60, రెండు మిల్లీమీటర్లకు 80, మూడింటికి 120. అతుకు తీరును బట్టి, రేకుల మధ్య సందును బట్టి కొంత అటూ ఇటూ. ఇప్పుడు వైరు వైపు నుంచి చూడండి. 0.8 వైరు 50 మొదలు 150 ఆంపియర్ల దాకా హాయిగా నడుస్తుంది. 1.0 వైరుకు 80 మొదలు 220 దాకా. 1.2 వైరు నిలకడగా నడవడానికి కనీసం 120 ఆంపియర్లు కావాలి. అక్కడ నుంచి 350 దాకా దానికి ఎదురు లేదు. 1.6 వైరు 250కి తక్కువైతే మాట వినదు. అది 12 మిల్లీమీటర్లు దాటిన పలకలను బల్లపరుపుగా పెట్టి నింపడానికి. కనుక మూడు మిల్లీమీటర్ల లోపు రేకుకు 0.8, రెండు నుంచి ఐదు దాకా 1.0, ఆ పైన 1.2. ఈ హద్దులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొనే ఉంటాయి. మెషీను, వాయువు మారితే కొంత జరుగుతాయి కూడా. కానీ ఒకటిన్నర మిల్లీమీటరు రేకు దగ్గరికి 1.2 వైరును తెచ్చే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రేకు అడిగేది 60 ఆంపియర్లు. ఆ వైరు అడిగేది 120.

మధ్యలో నిలబడ్డ మనిషి ఏమి చేయాలి? రేకు మాట విని కరెంటు తగ్గించినాడనుకోండి. వైరు కరగదు, వచ్చి రేకును పొడుస్తుంది, టపటపమని పేలుతుంది, నిప్పురవ్వలు మణికట్టు మీద, మెడ మీద పడతాయి. అతుకు రేకు మీద గొంగళిపురుగు వలె ఉబ్బి కూర్చుంటుంది, లోపలికి దిగదు. తనిఖీదారు వచ్చి అతుకు పట్టలేదంటాడు. వైరు మాట విని కరెంటు పెంచినాడనుకోండి, రేకు కారిపోతుంది. తనిఖీదారు వచ్చి రంధ్రం పడినదంటాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. రెండింటికీ చార్జిషీటు నమూనా ఒకటే.

0.8కీ 1.2కీ తేడా ఎంత, నాలుగు పాయింట్లే గదా అని ఒక అధికారి నాతో అన్నారు. ఆయన ఇంజనీరు, అందుకే ఈ మాట మరింత బాధ కలిగించినది. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే కోత వైశాల్యం రెండుంబావు రెట్లవుతుంది. 0.8 వైరు కోత వైశాల్యం అర చదరపు మిల్లీమీటరు, 1.2 వైరుది 1.13. మీటరు వైరు బరువు మొదటిది 4 గ్రాములకు కొంచెం తక్కువ, రెండవది 9 గ్రాములకు కొంచెం తక్కువ. ఒకే 100 ఆంపియర్లు పంపితే సన్న వైరులో చదరపు మిల్లీమీటరుకు దాదాపు 200 ఆంపియర్ల ఒత్తిడి, లావు వైరులో 90 కూడా ఉండదు. అందుకే సన్న వైరు తక్కువ కరెంటులోనే చురుకుగా కరిగి, చిన్న చిన్న బొట్లుగా దిగుతుంది. లావు వైరు మొరాయిస్తుంది. ఆ నాలుగు పాయింట్లు ఇవి.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసినది కూడా కాదు. మిగ్ పద్ధతి 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో, ఆర్గాన్ వాయువుతో అల్యూమినియం అతకడానికి రూపొందినది. ఖరీదైన ఆర్గాన్‌కు బదులు బొగ్గుపులుసు వాయువుతో ఉక్కును అతకవచ్చునని 1953లో సోవియట్ శాస్త్రజ్ఞులు లుబావ్‌స్కీ, నొవోషిలోవ్ చూపించినారు. ఈ పని కర్మాగారాలలో సామాన్యమైనది ఆ తరువాతనే. అప్పటి వైరు లావు, వేడి ఎక్కువ. దళసరి పలకలకే పనికివచ్చేది. 1950ల చివరలో సన్న వైరుతో, తక్కువ వోల్టేజీతో, వైరు కొస కరిగిన మడుగును తాకి తెగుతూ ఉండే పద్ధతి వచ్చిన తరువాతనే పలచని రేకు మిగ్ వెల్డరుకు లొంగినది. అంటే పలచని రేకుకు సన్న వైరన్నది ఎవరి ముచ్చటా కాదు, ఆ పని పుట్టుకలోనే ఉన్న షరతు. మన స్టోర్సు శాఖ మాత్రం 1953 వద్దనే ఆగిపోయినట్టున్నది.

ఇక వారి వాదాలు చూతము.

మొదటిది, ఇదే కార్ఖానాలో ఇదే 1.2 వైరుతో ఇదే రేకును రంధ్రం లేకుండా అతికేవారు ఉన్నారు గదా అన్నది. ఉన్నారు. నేను చూచినాను. వారిలో ఒకరు గన్నును పైనుంచి కిందికి జారవిడుస్తూ, రెండు సెకండ్లు అతికి ఒక సెకండు ఆపుతూ, రేకు ఎర్రబడే లోపల చేయి తీసివేస్తూ, చూడముచ్చటగా పని చేసినారు. ముప్పై ఏండ్ల చేయి అది. ‘అన్నా, రేకు చప్పుడు వింటూ చేస్తాను’ అన్నారు నాతో. నమస్కరించదగిన నైపుణ్యం. కానీ ఆ నైపుణ్యాన్ని అధికారులు ఏమి చేసినారు? ఆయనకు దానికొక రూపాయి అదనంగా ఇచ్చినారా? లేదు. దానిని సాక్ష్యంగా మార్చి పక్క మెషీను వద్ద నిలబడ్డవాని మీద ప్రయోగించినారు. సరైన పనిముట్టు లేకున్నా పని జరిపించుకోవచ్చునని తెలిసిన తరువాత సరైన పనిముట్టు ఎందుకు కొంటారు? పెద్దలను నొప్పించదలచి చెప్పడం లేదు గానీ, మన పాతకాపులు కొందరు ఈ గొడ్డు చాకిరీని తమ ఘనతగా చెప్పుకొని, కుర్రవాండ్లను చూచి నవ్వుతున్నారు. ఆ నవ్వు విని సంతోషించేవాడు ఎవడో వారు ఒకసారి ఆలోచించాలి.

రెండవది ఖర్చు. సన్న వైరు కిలో ధర ఎక్కువే, కాదనము. ఇంకా సన్నగా తీయడానికి ఇంకా ఎక్కువసార్లు అచ్చులలో నుంచి లాగవలసి ఉంటుంది గనుక ఆ ధర న్యాయమే. కానీ కిలో ధర చూచి కొన్నవారు మీటరు అతుకుకు ఎంత ఖర్చవుతున్నదో చూచినారా? పలచని రేకు మూలకు 3 మిల్లీమీటర్ల కాలు గల అతుకు వేస్తే మీటరుకు 35 గ్రాముల లోహం సరిపోతుంది. లావు వైరుతో అంత సన్న అతుకు నిలవదు. నాలుగున్నర మిల్లీమీటర్ల కాలు అయిపోతుంది. దానికి మీటరుకు దాదాపు 80 గ్రాములు. మళ్లీ అదే రెండుంబావు రెట్లు! సన్న వైరు ధర రెండుంబావు రెట్లున్నదని స్టోర్సు వారు సైతం అనలేరు. దీనికి తోడు వేడికి వంకరపోయిన రేకును సరిచేయడం, రవ్వలు గీకడం, రంధ్రాలు పూడ్చడం, గ్రైండింగు రాళ్లు. ఈ ఖర్చులు వేరు వేరు పద్దుల కింద పోతాయి గనుక కొనుగోలు ఫైలులో కనబడవు. కార్ఖానా ప్రోత్సాహక పథకంలో మాత్రం ఆ గంటలు కనబడతాయి, వెల్డరు నెల చివరి రాబడి తగ్గినప్పుడు.

మూడవది, వైరు మార్చడానికి సమయం వృథా అవుతుందట. ఇందులో కొంత నిజమున్నది, ఒప్పుకొందాము. వైరు ఒక్కటి మార్చితే చాలదు. రోలరు గాడి మార్చాలి, గన్ను కొసనున్న కాంటాక్టు టిప్పు మార్చాలి, కేబులు లోపలి లైనరు మార్చాలి. 1.2 టిప్పులో 0.8 వైరు వేస్తే అది వదులుగా ఊగి, విద్యుత్తు సరిగా అందక ఆర్కు తూలుతుంది. కొత్త మెషీన్లయితే ప్యానెలు మీద వైరు లావు, లోహం, వాయువు ఎంచుకొంటే వోల్టేజీని తామే సరిచూచుకొంటాయి. వైరు మార్చి అక్కడ మార్చడం మరిచితే మెషీను శ్రద్ధగా తప్పు లెక్కే ఇస్తుంది. ఇదంతా పని మధ్యలో చేయమంటే ఏ వెల్డరూ చేయలేడు. అయితే మార్చమని అడిగినది ఎవరు? ఒక్కొక్క మెషీనుకు ఒక్కొక్క వైరు కేటాయించి, రేకు పని జరిగే చోట 0.8 మెషీన్లు, పలకల పని జరిగే చోట 1.2 మెషీన్లు పెట్టమంటున్నాము. పది మెషీన్లున్న షెడ్డులో మూడింటిని వేరు చేయడానికి ఏ విదేశీ నిపుణుడూ దిగి రానక్కరలేదు.

ఇంతవరకు చదివి, యూనియను వారు అన్నిటికీ సన్న వైరే కావాలంటున్నారని ఎవరైనా అనుకొంటే అది ఇంకా పెద్ద ప్రమాదం. ఆ ప్రమాదం ఇప్పటికే కాంట్రాక్టరు రూపంలో కార్ఖానాల గేటు దాటి లోపలికి వచ్చినది. అతడు తెచ్చేది భుజాన వేసుకొని పోగల చిన్న మెషీను, అందులో 0.8 వైరు చుట్ట. రేకులకు బాగానే ఉంటుంది. అదే మెషీనుతో 10 మిల్లీమీటర్ల బ్రాకెట్టును కూడా అతికించి బిల్లు పెడుతున్నాడు. ఆ అతుకును చూడండి, ఎంత అందంగా ఉంటుందో! నాణేలు వరుసగా పేర్చినట్టు నున్నగా, రవ్వ లేకుండా. లోపల పలకను కరిగించేంత వేడి మాత్రం అందలేదు. కరిగిన వైరు చల్లని పలక మీద పరచుకొని గడ్డకట్టినది, అంతే. పైకి రంగు ద్రవం పూసి చేసే పరీక్షలో అది బయటపడదు; ముక్కను కోసి ఆమ్లంతో తుడిచి చూడాలి, లేదా విరగగొట్టి చూడాలి, లేదా అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలి. పలచని రేకు మీద లావు వైరు చేసిన తప్పు వెంటనే రంధ్రమై ఎదుట నిలబడుతుంది. దళసరి పలక మీద సన్న వైరు చేసిన తప్పు రంగు వేయించుకొని రైలుకు తగిలి పోతుంది. మొదటిదానికి చార్జిషీటు, రెండవదానికి బిల్లు చెల్లింపు!

కనుక మన కోరిక ఒక లావు కాదు, మందానికి తగిన లావు. అది కూడా ఒక్క అంకెతో తేలేది కాదని పని చేసేవారికి తెలుసు. 2 మిల్లీమీటర్ల సైడు రేకును 4 మిల్లీమీటర్ల స్తంభానికి అతకాలంటే పలచనిదాన్ని చూచి వైరు ఎంచుకోవాలి, ఆర్కును దళసరిదాని వైపు మళ్లించాలి. నిలువుగానో, తలపైననో అతకవలసి వస్తే పలక ఎంత దళసరిదైనా 1.6 వైరు పనికిరాదు; కరిగిన లోహం చేతి మీదికి జారుతుంది.

స్టెయిన్‌లెస్ ఉక్కు వచ్చిన తరువాత ఈ విషయం మరింత కఠినమైనది. పెరంబూరులో ఐ.సి.ఎఫ్. నమూనా పెట్టెల తయారీ 2018 జనవరితో ముగిసినది. ఇప్పుడు వచ్చేవి ఎల్.హెచ్.బి. పెట్టెలు, స్టెయిన్‌లెస్ ఒంటివి. పైకప్పుకు వాడే రకపు స్టెయిన్‌లెస్ వేడికి మామూలు ఉక్కు కన్న ఒకటిన్నర రెట్లు సాగుతుంది. వేడిని పక్కకు పంచడంలో మామూలు ఉక్కులో మూడవ వంతు కూడా చేయదు. పెట్టిన వేడి పెట్టిన చోటే ఉండి రేకును అలలుగా లేపుతుంది. పక్కగోడలకు వాడే రకమైతే ఎక్కువ వేడికి లోపలి రేణువులు పెరిగి అతుకు పక్కన పెళుసుబారుతుంది. దీనికి సన్న వైరు, ఆర్గాన్ ప్రధానమైన వాయువు, లెక్కించిన వేడి కావాలి. కార్టెన్ ఉక్కు రోజులలోనే ఒకే వైరు విధానం తప్పు. ఈ రోజులలో అది పెట్టె ఆయుష్షును కోయడమే. పాత పెట్టెలు, కొత్త పెట్టెలు ఒకే షెడ్డులో మరమ్మతుకు వస్తున్నప్పుడు ఒకే చుట్టతో రెంటినీ ఎట్లా అతకమంటారు?

అర్హత పరీక్షల సంగతి కూడా చూడండి. వెల్డర్ల అర్హతకు అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9606 మొదటి భాగం ఉన్నది. దాని ప్రకారం 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 12 లోపు మందమున్న పలకను చేర్చి అతికి పరీక్ష నెగ్గినవానికి 3 మిల్లీమీటర్ల నుంచి ఆ పలకకు రెట్టింపు మందం వరకే అర్హత. 10 మిల్లీమీటర్ల పలక మీద నెగ్గితే 3 నుంచి 20 దాకా. అంతకు తక్కువ మందానికి వేరే పరీక్ష. పలచని రేకు వేరొక విద్య అని ప్రపంచమంతా ఒప్పుకొన్న సంగతి ఇది. మన చార్జిషీటు సోదరునికి చివరి పరీక్ష 10 మిల్లీమీటర్ల పలక మీద పెట్టినారు. ఆ సర్టిఫికెట్టు పట్టుకొని ఒకటిన్నర మిల్లీమీటరు రేకు వద్దకు తోసినారు. పరీక్ష పెట్టనివారు, వైరు ఇవ్వనివారు, అంకితభావం గురించి ప్రశ్నిస్తున్నారు!

ఆరోగ్యం విషయం క్లుప్తంగానే చెబుతాను, అది వేరే వ్యాసానికి తగిన సంగతి. వెల్డింగు పొగ మనుషులకు క్యాన్సరు కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించినది. అవసరానికి మించిన కరెంటుతో పని చేస్తే పొగ ఎక్కువ. రంధ్రం పూడ్చడానికి పెట్టె కింద మళ్లీ పడుకొని అతికినవాడు ఆ పొగను రెండవసారి పీల్చినట్టే.

ఇప్పుడు మన తప్పు. ఇన్నేండ్లుగా పి.ఎన్.ఎం. సమావేశాలకు మనం తీసుకొని పోయిన అంశాల జాబితాలు తిరగవేసి చూచినాను. కరువుభత్యం ఉన్నది, బోనసు ఉన్నది, క్వార్టర్లు, బదిలీలు, ఖాళీలు ఉన్నవి. అన్నీ ఉండవలసినవే. పనిముట్టు లేదు. వైరు లావు, టిప్పు, వాయువు ఇవి యాజమాన్యం విషయాలని మనమే వదలివేసినాము. అందులో నా వాటా కూడా తక్కువ కాదు. ఆర్కు వెలుగు దూరం నుంచి చూడడమే తప్ప ఏ చుట్ట మీద ఏ అంకె ఉన్నదో ఈ చార్జిషీటు వచ్చేదాకా నేను అడగలేదు. మనం వదలిన చోటనే శిక్షలు మొలిచినవి. పని ఎట్లా చేయాలో నిర్ణయించే అధికారం పూర్తిగా వారిది, పని చెడితే బాధ్యత పూర్తిగా మనది అనే పంపకానికి మన మౌనం కూడా ఒక సంతకమే.

తపాలా సోదరులు ఇది రైల్వే కార్ఖానా గొడవ అని పుట తిప్పవద్దు. నడిచే రైలులో రాత్రంతా నిలబడి ఉత్తరాలు వేరుచేసిన ఆర్.ఎం.ఎస్. పాత తరానికి అడుగు రేకు అంటే ఏమిటో తెలుసు. అతుకు దగ్గర లేచిన తుప్పులో నుంచి నీరు ఎక్కి తపాలా సంచుల అడుగులు తడిసిన రోజులు వారు మరవలేదు. సంచి తడిసినందుకు సంజాయిషీ రాసినది సార్టరు. రేకుకు రంధ్రం పడినందుకు సంజాయిషీ రాసినది వెల్డరు. ఇద్దరి సంజాయిషీలూ ఒకే రంధ్రం గురించినవని అప్పుడు ఎవరమూ గుర్తించలేదు. ఈనాడు కూడా మీ కౌంటరులో ఏ మెషీను పెట్టాలో, దానికి ఎన్ని సెకండ్లు పట్టాలో మిమ్ములనడగకుండా నిర్ణయించి, క్యూ పెరిగితే మీకు మెమో ఇవ్వడం లేదా?

ఫెడరేషను తరఫున రాబోయే సమావేశాలలో పెట్టదలచినవి చెబుతాను. వెల్డింగు పని జరిగే ప్రతి కార్ఖానాలో కనీసం 0.8, 1.2 వైర్లు రెండూ, స్టెయిన్‌లెస్ పని ఉన్న చోట దానికి తగిన వైరు, వాయువు నిలవ ఉండాలి. ఏ పనికి ఏ వైరు, ఎంత కరెంటు, ఎంత వోల్టేజీ అన్న పద్ధతి పత్రం ఇంగ్లీషులో ఆఫీసు బీరువాలో కాక, వెల్డరు చదవగల భాషలో మెషీను పక్కన వేలాడాలి. మన ప్రాంతాలలో అది తెలుగే, ఖరగ్‌పూర్, పెరంబూరు వంటి చోట్ల తెలుగువారు అడిగితే తెలుగులో కూడా. తగిన వైరు లేనప్పుడు ఆ సంగతి రిజిస్టరులో రాసి పని ఆపే హక్కు వెల్డరుకుండాలి. అయినా చేయమంటే సూపర్‌వైజరు సంతకం పెట్టాలి. సూపర్‌వైజర్లు ఉలిక్కిపడనక్కరలేదు. తిప్పి పంపిన ఇండెంట్ల నకళ్లు దాచుకొన్న జూనియర్ ఇంజనీర్లకు ఆ రిజిస్టరే రక్ష. వెల్డింగు లోపంపై ఇచ్చే ఏ చార్జిషీటులోనైనా రేకు మందం, వైరు లావు, మెషీను మీటరు అంకెలు లేకపోతే అది చెల్లదని ఒప్పందం కావాలి. కాంట్రాక్టరు అతికిన పలకలకు కూడా కోత పరీక్ష ఉండాలి.

మన సోదరునికి ఒక ఇంక్రిమెంటు ఒక సంవత్సరం పాటు నిలిపివేసినారు. అప్పీలు వేసినాము. దానికి జతగా పాత రేకు ముక్కను, ఆ రోజు మెషీనులో ఉన్న వైరు అడుగు పొడవు ముక్కను కొలిచి, అంకెలు రాసి పంపినాము. ఈలోగా ప్రతి శాఖ కార్యదర్శీ తన కార్ఖానాలో ఒక్కొక్క మెషీను మీద ఏ వైరు ఉన్నదో, దానితో ఎంత మందం నుంచి ఎంత మందం దాకా పని చేయిస్తున్నారో రాసి వచ్చే నెలాఖరులోగా కేంద్ర కార్యాలయానికి పంపాలి. మందం రాసేటప్పుడు డ్రాయింగు చూచి రాయవద్దు. తుప్పు అంచు వద్ద మైక్రోమీటరు పెట్టి కొలిచిన అంకె రాయండి.